బంతి తిప్పిన చెయ్యి

డ్వైట్ హాలెన్‌బెక్ దుకాణానికి నేనిప్పుడు వెళ్ళడం లేదు. గడ్డి కట్టే యంత్రానికి బెల్టు తెగినా, ట్రాక్టరుకి ఫిల్టరు కావలసినా పక్క కౌంటీకి పోతాను. సగం పూట దారిలోనే పోతుంది. పెట్రోలు దండగ అంటుంది మా ఆవిడ. దండగే. చచ్చిపోయిన ఆడమనిషిని దొంగ సంతకాల మనిషి అన్నవాడి చేతిలో నా డబ్బు పెట్టడం కంటే నయం.

ఆ ఆడమనిషి లవోన్ టెస్కె. ఆమె మొగుడు ఓర్విల్.

పదహారేళ్ళప్పుడు ఊరి బేస్‌బాల్ జట్టులో ఓర్విల్ పిచరు, అంటే బంతి విసిరేవాడు, నేను కొట్టేవాడి వెనక గొంతుక్కూచుని పట్టేవాణ్ణి. విసిరేది ఎడమచేత్తో, రాసేది కుడిచేత్తో. వాడి బంతి నిదానంగా వచ్చేది, గట్టు మీద నడిచొచ్చే ముసలాడిలా. కొట్టేవాడు బ్యాటు తిప్పేసరికి మోకాలి కిందకి జారిపోయేది. ఆ జారుడు బంతే వాణ్ణి మా నెబ్రాస్కా రాష్ట్రం దాటించి పెద్ద లీగుకి తీసుకుపోయింది. తూర్పున ఒక పెద్ద నగరం జట్టులో ఆరేడు వేసవులు ఆడాడు. గొప్ప ఆటగాడు అనను. గొప్పవాళ్ళు వాడి బంతి చూసి బ్యాటు నేలకేసి కొట్టేవాళ్ళు, అది చాలు. మోచెయ్యి పోయాక తిరిగొచ్చి తండ్రి జొన్నచేలు, ఆవులు చూసుకున్నాడు.

అడిగినవాడికల్లా సంతకం పెట్టాడు. పశువుల సంతలో టోపీల మీద, పెట్రోలు బంకులో రసీదుల వెనక, చెయ్యి విరిగిన పిల్లల పిండికట్ల మీద. ఎక్కడినుంచో ఎవరో బంతి పోస్టులో పంపితే, తన డబ్బే పెట్టుకుని తిరిగి పంపేవాడు. అందుకే వాడి సంతకానికి బజార్లో విలువ లేదు.

ఈ విలువల సంగతి మాకు తెలియజెప్పింది డ్వైటే. వాడు ట్రాక్టర్లు అమ్ముతాడు. దుకాణంలో గోడ పొడుగునా గాజుపెట్టెల్లో ఆటగాళ్ళు సంతకం చేసిన బంతులు పెట్టుకున్నాడు. కౌంటరు కింద ధరల పుస్తకం ఒకటి ఉంటుంది. ఒకసారి అది తీసి ఓర్విల్‌కే చూపించాడు.

“మీది పన్నెండు డాలర్లు, ఓర్విల్‌గారూ. మీ జట్టువాడే, రస్టీ కింబ్రో. చూడండి. మూడొందలు.”

“రస్టీ నాకంటే బాగా ఆడాడు.”

“అది కాదండీ. ఆయన ఎవరికీ పెట్టేవాడు కాదు. మీరేమో ఊరందరికీ పంచిపెట్టేశారు.”

“చిన్నపిల్ల కలం చాపితే దాటుకుని పోయేవాడు రస్టీ. నేను పక్కనే ఉన్నాను” అన్నాడు ఓర్విల్. “అంటే వాడి పొగరుకి మూడొందలన్నమాట.”

“కనీసం నడుమనన్నా పెట్టండి. కొంచెం పెరుగుతుంది.”

బంతి మీద కుట్లు రెండూ బాగా దగ్గరకొచ్చే చోటు ఒకటుంటుంది. కొనేవాళ్ళకి సంతకం అక్కడుంటేనే ముద్దు. ఓర్విల్ అక్కడ రాయడు. జట్టంతా ఒకే బంతి మీద రాసేటప్పుడు ఆ చోటు జట్టుని నడిపే మేనేజరుది, మిగతావాళ్ళు పక్కల రాయాలి. మొదటి ఏడాది తెలియక అక్కడ రాసి, అందరి ముందూ తిట్లు తిన్నాడు. ఆ తరవాత జన్మలో రాయలేదు. మేనేజరు పోయి ఎన్నేళ్ళో అయింది. అయినా ఆ చోటు ఖాళీగానే ఉంచుతాడు.

మా ఊళ్ళో మంటలార్పేది మేమే, జీతాలు లేని జట్టు. ఏటా జూన్‌లో ఒక ఆదివారం చర్చి అయ్యాక ఫైరింజన్లు బయటికి తోలి, ఆ షెడ్డులో పాన్‌కేకులు కాల్చి ఊరందరికీ పెడతాం. చివర్లో ఓర్విల్ సంతకం చేసిన బంతి వేలం వేస్తాం. ఆ డబ్బుతో నీళ్ళ గొట్టాలు కొన్నాం, ఒక ఏడాది చేతి తొడుగులు కొన్నాం. ఏటా పోటీపడి పాడుకునేది డ్వైటే. పుస్తకంలో పన్నెండున్నా ఊరివాళ్ళ ముందు చెయ్యి పెద్దది చేసుకోవడం వాడికి ఇష్టం. ఓర్విల్ బంతులు వాడి గోడ మీద ఒక వరస ఉన్నాయి.

ఓర్విల్ ఎడమచెయ్యి ఎప్పుడూ ఓవరాల్సు ఛాతీ జేబులో ఉండేది. పెద్ద లీగులో ఆడినవాడి ఠీవి అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను, ఒకరోజు కోడిగుడ్లు ఇవ్వడానికి వాళ్ళ వంటింటి తలుపు తోసేదాకా.

బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నారు. ఓర్విల్ కుడిచేతిలో కలం. లవోన్ మడతపెట్టిన తువ్వాలు మీద బంతిని రెండు చేతులతో పట్టుకుంది. చూస్తే కలం పెద్దగా కదలడం లేదు. బంతి కదులుతోంది. ఒక అక్షరం అయ్యేసరికి ఆమె వేళ్ళు బంతిని వెంట్రుకవాసి తిప్పుతున్నాయి, ఇంకో అక్షరానికి చోటు కలం కిందికి వస్తోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఎడమచెయ్యి బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. వేళ్ళు వానల్లేని జూలైలో మొక్కజొన్న ఆకుల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. ఒకప్పుడు జనం లేచి నిలబడి చూసిన చెయ్యి అది. ఇప్పుడు బంతిని కదలకుండా పట్టుకోవడం కూడా దానివల్ల కాదు.

ఓర్విల్ తల ఎత్తి నన్ను చూశాడు.

“గుడ్లు అక్కడ పెట్టు. నువ్వేం చూడలేదు.”

లవోన్ నవ్వింది. “చూశాడు. చూసినా చెప్పడు. ఎల్డన్ నోరు తెరవాలంటే పశువుల డాక్టరు రావాలి.”

నేను చెప్పలేదు.

రెండేళ్ళ కిందట శీతాకాలంలో లవోన్ పోయింది. ఆ ఏటి వేలం బంతి కోసం డ్వైట్ ఓర్విల్‌ని దుకాణానికి పిలిచాడు. నేను గ్రీజు డబ్బా కొంటూ అక్కడే ఉన్నాను. కౌంటరు మీద అట్టపెట్టెలకి అంటించే టేపు చుట్ట ఒకటి పడుంది. ఓర్విల్ బంతిని ఆ చుట్ట నడిమి బొక్కలో కూచోబెట్టి, ఎడమచెయ్యి జేబులోంచి తియ్యకుండా సంతకం పెట్టాడు. బంతి అటూ ఇటూ జారింది. గీతలు వణికాయి. డ్వైట్ చూశాడు. వాడి కళ్ళు సంతకం మీదినుంచి గోడ మీది వరసకి వెళ్ళాయి.

తరవాతి వారం వాడు ఒమాహాలో సంతకాల బంతులూ ఆటగాళ్ళ బొమ్మల కార్డులూ అమ్ముకునేవాళ్ళ మేళాకి వెళ్ళొచ్చాడు. ధాన్యం గోదాము ఆఫీసులో పొద్దున్నే మేం కాఫీ తాగే బల్ల దగ్గరికి వచ్చి కూచున్నాడు. పశువుల వేలం వేసే మెర్ల్ ఉన్నాడు, ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ఓర్విల్ లేడు. పెళ్ళాం పోయినప్పటినుంచి కాఫీకి రావడం మానేశాడు.

“సంతకాలు పరీక్ష చేసే ఆయనకి చూపించాను” అన్నాడు డ్వైట్. “పాతది ఒకటి, ఈ కొత్తది. భూతద్దం పెట్టి చూసి, ఈ రెండూ ఒక చేతివి కావన్నాడు.”

“ముసలాడయ్యాడు, చెయ్యి వణుకుతుంది” అన్నాడు మెర్ల్.

“ఒక్క ఏడాదిలోనా? కిందటేడుది గుండుసూదితో చెక్కినట్టుంది. కొత్తది నా కౌంటరు మీద నా కళ్ళముందు పెట్టాడు, అది ఆయనదే. మరి పాతవి ఎవరివి? ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరేగా.”

డ్వైట్ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

“ఆటగాళ్ళ పెళ్ళాలు పెట్టడం మామూలేనట. ఆవిడ చేతిరాత చక్కగా ఉండేది కూడాను. చర్చి బోర్డు ఆవిడే రాసేది కదా.”

“పోయింది కదయ్యా, డ్వైట్.”

“పోతే నిజం మారుతుందా, మెర్ల్? నాకు డబ్బు వెనక్కి అక్కర్లేదు. ఆదివారం వేలానికి ముందు ఒక్క మాట పైకి చెప్పాలి, అంతే. కొనేవాళ్ళకి ఏది అసలో తెలియాలి.”

నా కప్పులో కాఫీ ఉంది. అలాగే వదిలేసి లేచి వచ్చేశాను.

మా ఊళ్ళో మాట కాలినడకన పోదు. రెండురోజుల్లో చర్చి వంటగదికి చేరింది. అక్కడ ఎవరి గిన్నె వాళ్ళకి తిరిగి చేరాలని అడుగున టేపు ముక్క అంటించి పేరు రాసుకుంటారు. లవోన్ పెద్ద గాజుగిన్నె ఇంకా అక్కడే ఉంది. ఆడవాళ్ళు దాన్ని బోర్లించి, ఇంటిపేరులో మొదటి అక్షరం డ్వైట్ గోడ మీది బంతుల్లోలాగే ఉందా లేదా అని చూశారట. ఆ గిన్నెలో ఆమె చేసి తెచ్చిన బంగాళాదుంపల సలాడు తినని మనిషి ఆ గదిలో ఒక్కరూ లేరు. మా ఆవిడ గిన్నె లాక్కుని ఇంటికి తెచ్చేసింది. ఏడుస్తూ తెచ్చింది. అప్పుడు నేను ఓర్విల్ దగ్గరికి వెళ్ళాను.

ఆవులకి ఉప్పుదిమ్మ పెడుతున్నాడు. విన్నదంతా చెప్పాను. వింటూ నిలబడ్డాడు.

“ఎవరన్నారు?”

“డ్వైట్.”

“ఎవరు విన్నారు?”

“అందరూ.”

“నువ్వేమన్నావ్?”

“నువ్వేం చూడలేదు అన్నావుగా నాతో.”

పక్కనున్న బకెట్టుని కాలితో తన్నాడు. అది కంచె దాకా దొర్లింది. ఆవులు బెదిరి పక్కకి పోయాయి.

“చెయ్యి గురించి నోరు మూసుకోమన్నాను. నా పెళ్ళాన్ని దొంగ అంటుంటే కూచుని కాఫీ తాగమన్నానా?”

“కప్పు అక్కడే పెట్టి వచ్చేశాను.”

“గొప్ప పని చేశావ్. కప్పు పెట్టేశాడట!”

వాడి తిట్లు అయ్యేదాకా ఆగాను. చాలాసేపే పట్టింది.

“చెప్పెయ్యనా?” అన్నాను.

ఛాతీ జేబు వైపు చూసుకున్నాడు.

“చెప్తే బంతి పట్టలేని పిచరు అంటారు.”

“అంటారు.”

“బడి పిల్లలు కూడా అంటారు.”

“అంటారు. లవోన్‌ని మాత్రం ఏమీ అనరు.”

ఓర్విల్ బకెట్టు తెచ్చుకోవడానికి కంచె వైపు నడిచాడు. “ఇంటికి పో, ఎల్డన్” అన్నాడు వెనక్కి తిరక్కుండా.

ఆదివారం షెడ్డు నిండిపోయింది. పెద్ద ప్లాస్టిక్ బకెట్టులో పిండి పోసి, గోడకి బెజ్జాలు వేసే మిషనుకి పుల్ల బిగించి కలుపుతున్నారు, ఏటా చేసినట్టే. పెనం మీద సాసేజీలు చిటపటలాడుతున్నాయి. అంతా బాగానే ఉన్నట్టుంది గానీ నవ్వులు లేవు. ఓర్విల్ కోసం చూసి చూసి మెర్ల్ చివరికి బంతి తీసుకుని కుర్చీ ఎక్కాడు.

డ్వైట్ లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

“పాట మొదలుపెట్టేముందు ఒక్క మాట. ఈ బంతి అసలుది, దీనికి నేను హామీ. ఇంతకుముందువాటి సంగతి మీ అందరికీ చేరే ఉంటుంది. ఆవిడ మంచావిడే. ఎవరినో మోసం చెయ్యాలని చేసి ఉండదు...”

“ఎవరు?”

మాట తలుపు దగ్గర్నుంచి వచ్చింది. ఓర్విల్. ఎప్పుడొచ్చాడో చూడలేదు.

“ఎవరు ఏం చేసి ఉండదు? పేరు పెట్టి చెప్పు.”

“ఓర్విల్‌గారూ, మీరొస్తారనుకోలేదు.”

“అందుకేగా లేచావు.”

బల్లల మధ్యనుంచి ముందుకి నడిచాడు. మెర్ల్ చేతిలో బంతి తీసుకుని డ్వైట్‌కిచ్చాడు. తరవాత కుడిచేత్తో ఎడమచేతి మణికట్టు పట్టుకుని, జేబులోంచి దాన్ని పైకి తీశాడు, గూట్లోంచి ఏదో తీసినట్టు. డ్వైట్ ముందుకి చాపాడు.

“బంతి పెట్టు.”

“ఇప్పుడిదంతా ఎందుకండీ...”

“పెట్టు.”

డ్వైట్ పెట్టాడు. వేళ్ళు మూసుకోలేదు. బంతి జారి సిమెంటు నేల మీద పడి, బల్ల కిందకి దొర్లి ఎవరిదో బూటుకి తగిలి ఆగింది.

“తియ్యి.”

వంగి తీశాడు.

“మళ్ళీ పెట్టు.”

మళ్ళీ పడింది. ఎన్నిసార్లు పెట్టించాడో నేను లెక్కపెట్టలేదు. పెనం మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది, తిరగెయ్యడానికి ఎవరూ కదల్లేదు.

“చాలురా, ఓర్విల్” అన్నాడు మెర్ల్ మెల్లగా.

“చాలదు. గిన్నెలు బోర్లించి చూసినవాళ్ళు ఇది కూడా చూడాలి.” వాడికి ఆ సంగతి నేనే చెప్పాను. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కాగితం పళ్ళేల్లోకి తలలు దించుకున్నారు. “ఇప్పుడు కూచో, డ్వైట్. బంతి పట్టుకో. రెండు చేతులతో. ఆమె అలాగే పట్టుకునేది.”

డ్వైట్ కూచున్నాడు. ఓర్విల్ ఎదురుగా కూచుని, జేబులోంచి కలం తీసి, బంతి రెండో పక్కన మొదటి అక్షరం రాశాడు.

“తిప్పు.”

డ్వైట్ తిప్పాడు. ఎక్కువ తిప్పాడు. కలం కుట్టు ఎక్కి గీత పక్కకి పోయింది.

“అటు కాదు. నా కలం కిందికి రావాలి. నేను అడక్కముందే రావాలి. ఆమెని నేనెప్పుడూ అడగలేదు. తిప్పు. కొంచెం! విత్తనాలు వేసే యంత్రం పళ్ళచక్రం ఒక్కో పన్నూ తిప్పడం వచ్చుగా నీకు? అలాగ. ఛ!”

పేరు పూర్తయింది. అది పేరులా లేదు. ముళ్ళకంచెకి చిక్కుకున్న దారంలా ఉంది. ఓర్విల్ ఆ బంతిని డ్వైట్ ముక్కుకి ఆనేలా పట్టుకున్నాడు.

“ఇది ఎవరి చెయ్యి? నా చెయ్యే. నీ ఒమాహా వాడికి చూపించు, మూడో మనిషి అంటాడు. పక్కన నువ్వున్నావు కనక ఇలా ఉంది. ఆమె ఉంది కనక అవి అలా ఉన్నాయి. రాసింది నేను, ప్రతి ఒక్కటీ నేనే. ఈ చెయ్యి చచ్చిపోయిన సంగతి నీలాంటివాళ్ళకి తెలియకూడదని లవోన్ ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. అలాంటి మనిషిని నువ్వు దొంగని చేశావు!”

చివరి మాటకి షెడ్డు రేకులు మోగాయి.

డ్వైట్ ముఖం ఎర్రగా కందింది. సిగ్గుపడ్డాడనే అనుకున్నాను. సిగ్గే, కాసేపు. ఇంతలో వాడి కళ్ళలోకి ఇంకేదో వచ్చింది. కొత్త ట్రాక్టరు చూడ్డానికి వచ్చినవాడు జేబు తడుముకున్నప్పుడు వాడి కళ్ళలోకి వచ్చేది అదే.

“ఓర్విల్‌గారూ, నాది తప్పే. అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. కానీ ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ ఈ సంగతి? మొగుడూ పెళ్ళాం కలిసి పెట్టిన సంతకం! ఇలాంటిది దేశంలో ఇంకోటి లేదు. నా దగ్గరున్నవి పన్నెండు డాలర్లు కాదు, పదింతలు పలుకుతాయి.” బంతిని తిప్పి కుట్లు దగ్గరకొచ్చే చోటు చూపించాడు. “ఇక్కడ ఖాళీ ఉంది కదా. ఆవిడ పేరు రాయండి. మేనేజరు చోటు అంటారుగా, ఇంటికి మేనేజరు ఆవిడేగా! రస్టీ కింబ్రోని దాటిపోతాం.”

ఎవరో “అయ్యో డ్వైట్” అన్నారు.

“నడుమనా?” అన్నాడు ఓర్విల్.

“నడుమనే.”

ఓర్విల్ కుడిచేత్తో బంతి తీసుకుని లేచాడు. ఆ నిలబడ్డ తీరు చూసి విసురుతాడనుకున్నాను. బంతి పట్టడానికి నా మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. విసరలేదు. పెనాల దాకా నడిచి, బంతిని పిండి బకెట్టులో పడేశాడు. పిండి ఎగిరి వాడి ఓవరాల్సు మీద చిందింది.

“తీసుకో” అన్నాడు. “పదింతలు పలుకుతుంది.”

తలుపు దాకా వెళ్ళి మెర్ల్ వైపు తిరిగాడు. “వేలం అయిపోయింది.”

ఇంతటితో అయిపోతే నేను డ్వైట్ దుకాణం మానేసేవాణ్ణి కాదేమో. మనిషన్నాక నోరు జారుతుంది. కానీ ఓర్విల్ ట్రక్కు చప్పుడు దూరం అయిందో లేదో, డ్వైట్ ఇస్త్రీ చొక్కా చెయ్యి మోచెయ్యి పైకి మడిచి, ఊరంతా చూస్తుండగా ఆ బకెట్టులో చెయ్యి పెట్టాడు. అడుగంటా వెతికి తీశాడు. కాగితం రుమాలుతో అద్ది అద్ది, సిరా చెదరకుండా తుడిచాడు. మా ఆవిడ వాడి ముందే ఉమ్మింది. ఆమె అలాంటి మనిషి కాదు.

ఆ బంతి ఇప్పుడు గోడ మీద వరసకి నడుమన ఉందట, కుట్లలో ఎండిన పిండితో సహా. కింద అట్టముక్క మీద లవోన్ కథ అచ్చువేసి పెట్టాడట. దాని పక్కనే ధర.

మరుసటేడు పాన్‌కేకుల దగ్గర బంతి లేదు. పందితొడ ఒకటి లాటరీ వేశాం. గొట్టాలకి డబ్బు తక్కువ పడింది.

ఓర్విల్ మళ్ళీ కాఫీకి వస్తున్నాడు. మాట్లాడేది తక్కువే, నేనూ తక్కువే. సంతకాలు మానేశాడు, పిల్లలడిగినా పెట్టడు. అది నాకు అన్నిటికంటే మండుతుంది. కానీ ఎడమచేతిని జేబులో పెట్టుకోడు. రాగానే దాన్ని కుడిచేత్తో ఎత్తి బల్ల నడుమ, చక్కెర గిన్నె పక్కన పెడతాడు, వెల్లకిలా, అందరికీ కనబడేలా. డ్వైట్ వచ్చిన రోజు ఇంకొంచెం వాడి వైపు జరుపుతాడు. మిగతావాళ్ళు కప్పుల్లోకి చూసుకుంటారు.